పిల్లల బ్లాక్ కోడింగ్ నిజంగా ప్రోగ్రామింగేనా? కూచిపూడిలో ఒక జతి కట్టి చూశాం

ఒక ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పంపింది కూచిపూడిలో ఉండే మా పెద్దనాన్న మనవరాలు, ఏడో తరగతి. ఫొటోలో ఒక సర్టిఫికెట్, దాని మీద పాప పేరు, కింద ‘అవర్ ఆఫ్ కోడ్’ అని. “బాబాయ్, నాకు కోడింగ్ వచ్చేసింది!” అని మెసేజ్.

ఆ వెంటనే వాళ్ల నాన్న వాయిస్ మెసేజ్. “ఒరేయ్, ఎవరో ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులోళ్లు డెమో ఇచ్చార్రా. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటున్నారు. పాపేమో నాకు ఆల్రెడీ వచ్చేసింది అంటోంది. వచ్చినట్టా, రానట్టా? కట్టాలా, వద్దా? ఫోన్ల గురించి అంత రాస్తావు గదా, ఇదీ చెప్పు.”

ఫోన్ రివ్యూ చెయ్యమంటే రెండు రోజుల్లో చెప్పేస్తాను. దీనికి మాత్రం బెజవాడలో బస్సెక్కి, ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్లి, అక్కడి నుంచి కూచిపూడి దాకా పోవాల్సొచ్చింది. అక్కడ తేలిన సంగతి మీకూ పనికొస్తుందని రాస్తున్నా. మీ ఇంట్లో కూడా తమ్ముడో చెల్లెలో ఇలాంటి సర్టిఫికెట్ పట్టుకుని తిరుగుతుంటే ఇంకా బాగా పనికొస్తుంది.

గంటలో పాప ఏం చేసింది?

ముందు అదే చూపించమన్నా. పాప చేసింది ‘డ్యాన్స్ పార్టీ’. కోడ్ డాట్ ఆర్గ్ వాళ్లు 2018లో తెచ్చిన యాక్టివిటీ. హాది పార్టోవి, అలీ పార్టోవి అనే అన్నదమ్ములు 2013లో మొదలుపెట్టిన సంస్థ అది, అదే ఏడాది డిసెంబరులో అవర్ ఆఫ్ కోడ్ కూడా మొదలెట్టారు. 2014లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా కూడా దీని మీదే ఒక లైన్ కోడ్ రాశారు. బొమ్మని 100 పిక్సెళ్లు ముందుకు నడపమని, అంతే.

డ్యాన్స్ పార్టీలో ఒక పాట ఎంచుకుంటాం. ఒక జంతువు బొమ్మని తెర మీద నిలబెట్టే బ్లాక్ ఉంటుంది. ‘ఈ స్టెప్ వేస్తూనే ఉండు’ అనేది ఇంకో బ్లాక్. ‘ప్రతి రెండు మెజర్లకి ఇది మార్చు’ అనేది మరొకటి. ఇక్కడ మెజర్ అంటే మన భాషలో తాళం ఒక విడత అనుకోండి. ఈ బ్లాకులన్నీ వేలితో లాగి, ఒకదాని కింద ఒకటి తగిలిస్తే బొమ్మ పాటకి సరిగ్గా దరువు మీద డ్యాన్సు చేస్తుంది.

బాగుంది. నిజంగా బాగుంది, నేను కూడా కూర్చుని ఇరవై నిమిషాలు ఆడాను. ఇందులో పిల్లలకి అందేవి అబద్ధాలేం కావు. ఒకదాని తర్వాత ఒకటి జరగడం, ఒకే పని మళ్లీ మళ్లీ జరగడం, ఏదో ఒకటి జరిగినప్పుడు ఇంకోటి మొదలవడం. సీక్వెన్స్, లూప్, ఈవెంట్. ఐఫోన్ లోపల నడిచే కోడ్‌లో కూడా ఉండేవి ఇవే.

నాకు నచ్చనిది ఒక్కటే. కోడ్ డాట్ ఆర్గ్‌లో ఒక్కో మెట్టు దాటగానే ‘మీరు ఇన్ని లైన్ల కోడ్ రాశారు’ అని చెబుతుంది. పాప ఐదు బ్లాకులు తగిలించింది, ఐదు లైన్లు రాశావని మెచ్చుకుంది. ఆ బొమ్మ చెయ్యి ఎలా లేస్తుంది, కాలు ఎప్పుడు పడుతుంది, పాటలో దరువు ఎక్కడుంది, ఇవన్నీ ఎవరో పెద్దవాళ్లు ముందే రాసి పెట్టారు. పాటల్లో తాళం ఎక్కడెక్కడ పడుతుందో ముందే లెక్కకట్టి ఉంచబట్టే ‘ప్రతి రెండు మెజర్లకి’ అనగానే పని చేసింది.

దాచడం తప్పా అంటే, కాదు. ప్రోగ్రామింగ్ అంతా దాచడమే. పైథాన్ రాసేవాడు మెమరీ సంగతి పట్టించుకోడు, ఆండ్రాయిడ్ యాప్ రాసేవాడు టచ్ స్క్రీన్ లోపల ఏమవుతుందో చూడడు. కానీ వాళ్లకి కింద ఇంకేదో ఉందని తెలుసు. పాపకి తెలీదు.

అసలు పరీక్ష: ‘తకధిమి’

పాప కూచిపూడి నేర్చుకుంటోంది. ఆ ఊళ్లో పిల్లలకి అదేం వింత కాదు. సిద్ధేంద్రయోగి పేరున తెలుగు విశ్వవిద్యాలయం కళాపీఠం ఉన్న ఊరు. అందుకని ఒక ఆలోచన వచ్చింది. “రెడీమేడ్ డ్యాన్సు వద్దు గానీ, మీ టీచరు గారు చెప్పే జతి ఒకటి కంప్యూటర్ చేత చెప్పిద్దాం, వస్తావా?” అన్నా. తనకి అది ఇంకా నచ్చింది.

అన్నయ్య పాత ల్యాప్‌టాప్ తీసి అందులో స్క్రాచ్ పెట్టాం. తెలియనివాళ్ల కోసం: ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం చేసిన బ్లాక్ కోడింగ్ ఇది, 2007లో అందరికీ వచ్చింది. 2019లో వచ్చిన 3.0 వెర్షన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నెట్ లేకపోయినా నడిచే ఆఫ్‌లైన్ యాప్ కూడా ఉంది. అన్నీ ఉచితం. దీని మూలాలు ఇంకా పాతవి. 1967లోనే సీమోర్ పాపర్ట్, వాలీ ఫూర్జీగ్, సింథియా సోలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. తాబేలుని నడిపించి గీతలు గీయించేది, స్కూల్లో మీలో కొందరు చూసే ఉంటారు.

డ్యాన్స్ పార్టీకీ స్క్రాచ్‌కీ పైకి తేడా కనబడదు. రెండింట్లోనూ రంగు రంగుల బ్లాకులే. కానీ స్క్రాచ్ తెరిస్తే ఒక పిల్లి బొమ్మ, ఖాళీ తెర. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. పాప మొదటి రెండు నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చుంది. “ఇప్పుడేం చెయ్యాలి బాబాయ్?” అంది. ఆ ప్రశ్న సర్టిఫికెట్ వచ్చిన గంటలో తనకి ఒక్కసారి కూడా రాలేదు.

మైక్ నొక్కి త, క, ధి, మి అని నాలుగు అక్షరాలు విడివిడిగా రికార్డు చేసింది. నాలుగు ‘ప్లే సౌండ్ అంటిల్ డన్’ బ్లాకులు తగిలించి, చుట్టూ లూప్ పెట్టింది. నొక్కితే “త... క... ధి... మి...” అని నిద్రమత్తులో ఉన్నట్టు వచ్చింది. ఎందుకంటే ఆ బ్లాక్ రికార్డింగ్ మొత్తం అయ్యేదాకా ఆగుతుంది, చివర్లో ఉన్న నిశ్శబ్దంతో సహా. సరే అని ‘స్టార్ట్ సౌండ్’ బ్లాక్‌కి మార్చింది. ఈసారి నాలుగూ ఒకేసారి కలిసి ఏదో అరుపులా వచ్చింది. ఆ బ్లాక్ ఎవరి కోసమూ ఆగదు మరి. పాప పడీ పడీ నవ్వింది, మళ్లీ మళ్లీ నొక్కింది.

తర్వాత మధ్య మధ్యలో ‘వెయిట్’ బ్లాకులు పెట్టింది. మొదటి కాలానికి 0.8 సెకన్లు, రెండో కాలానికి 0.4, మూడో కాలానికి 0.2. ఇన్నిసార్లు మార్చడం విసుగొచ్చి, ‘కాలం’ అని ఒక వేరియబుల్ పెట్టుకుని 0.8ని దానితో భాగించింది. స్క్రాచ్‌లో వేరియబుల్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఏ గొడవా లేదు. కాలం 1, 2, 4. డ్యాన్సులో మూడు కాలాలు రోజూ చేసే పిల్ల కాబట్టి ఒకటి, రెండు, నాలుగు అని నేను చెప్పక్కర్లేకపోయింది.

తాళం జారింది

ఇక్కడే అసలు సంగతి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టి, దాంతో పాటు స్క్రాచ్ జతిని మూడో కాలంలో నడిపాం. మొదట్లో రెండూ కలిసే ఉన్నాయి. పాప కాలితో తట్టుతూ వింటోంది. కాసేపటికి ఆగి, “బాబాయ్, ఇది వెనక పడిపోతోంది” అంది. నాకు వెంటనే తెలీలేదు. తన చెవికి తెలిసింది.

ఎందుకలా అవుతుందో చూద్దాం. స్క్రాచ్ మామూలుగా సెకనుకి 30 సార్లు తన పని చూసుకుని తెర మళ్లీ గీస్తుంది. ‘0.2 సెకన్లు ఆగు’ అంటే, 0.2 దాటాక ఎప్పుడు చూసుకుంటే అప్పుడు లేస్తుంది. చెప్పిన టైముకి ముందు ఎప్పుడూ లేవదు, ఆలస్యం మాత్రం ఎంతో కొంత అవుతుంది. ఆ ఆలస్యం నుంచే తర్వాతి 0.2 లెక్క మొదలవుతుంది. ఒక్కో దెబ్బకి సెకనులో వందో వంతు ఆలస్యం అనుకోండి. మూడో కాలంలో నిమిషానికి 300 దెబ్బలు. అంటే నిమిషానికి 3 సెకన్లు. మీ టీచరు ముందు 3 సెకన్లు వెనకపడితే ఏమవుతుందో డ్యాన్సు నేర్చుకున్నవాళ్లని అడగండి.

దీనికి ‘వెయిట్’ని 0.19కి తగ్గిస్తే సరిపోదు. పాప అదే చేసింది ముందు. కాసేపు కలిసింది, తర్వాత ముందుకి జారింది. మందు వేరే ఉంది. కిందటి దెబ్బ నుంచి లెక్కపెట్టకుండా, మొదలుపెట్టిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. స్క్రాచ్‌లో ‘టైమర్’ అని ఉంటుంది. పదో దెబ్బ 2 సెకన్ల దగ్గర, వందో దెబ్బ 20 సెకన్ల దగ్గర పడాలి, అంతే. ‘టైమర్ ఇంత దాటేదాకా ఆగు’ అని ‘వెయిట్ అంటిల్’ బ్లాక్ పెట్టాలి. అప్పుడు ఒక దెబ్బ కాస్త ఆలస్యమైనా తర్వాతిది తన చోటుకే వస్తుంది, తప్పు పేరుకోదు.

ఇది పాపకి నేను చెప్పేశానని అనుకోకండి. “మీ డ్యాన్సులో ఒక అడుగు లేటైతే ఏం చేస్తావు?” అని మాత్రం అడిగా. “తాళం చూసుకుని కలిపేస్తా, అందరూ నా కోసం ఆగరుగా” అంది. చెప్పాక తనే ఒక్క క్షణం ఆగి ల్యాప్‌టాప్ వైపు చూసింది. టైమర్ బ్లాక్ ఎక్కడుందో చూపించా. గుణకారం ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికి ఇంకో గంట పట్టింది. ఈలోగా వదిన రెండుసార్లు అన్నానికి పిలిచింది.

ఇప్పుడు చెప్పండి, ఇది ప్రోగ్రామింగ్ కాదా? వీడియో కాల్స్‌లో ఆడియో జారిపోకుండా చూసే ఇంజినీర్లు పడే తిప్పలకి ఇది చిన్న చెల్లెలు లాంటిది. ఒక్క సెమీకోలన్ కూడా లేదు, అన్నీ రంగు బ్లాకులే. అయినా ఇది నిజం. డ్యాన్స్ పార్టీ దాచిపెట్టింది సరిగ్గా దీన్నే. ‘ప్రతి రెండు మెజర్లకి’ అనే ఆ ఒక్క బ్లాక్ లోపల ఉన్న కష్టం ఇదే.

‘బ్లాకులు బొమ్మలాట, అసలు కోడింగ్ అంటే టైప్ చేసేదే’ అంటారా?

ఈ మాట చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అన్నవాడినే. అందుకే నా సంగతి చెప్పుకోవాలి.

నేను బీటెక్ ఫస్టియర్‌లో సీ లాంగ్వేజ్ చదివాను. టైప్ చేశాం, సెమీకోలన్లు పెట్టాం, ఎర్రర్లు చూశాం. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందు రోజు మాత్రం రికార్డులో ఉన్న ప్రోగ్రాములన్నీ బట్టీ పట్టాం. చుక్కల పిరమిడ్ ప్రోగ్రాం నాకు వరసగా అప్పజెప్పడం వచ్చు. పిరమిడ్‌ని తలకిందులు చెయ్యమంటే మాత్రం చెమటలు పట్టేవి. అది సీ లాంగ్వేజే, అచ్చమైన టెక్స్ట్ కోడే. కానీ ఆ మధ్యాహ్నం పాప చేసిన పనితో పోలిస్తే నేను చేసింది ప్రోగ్రామింగ్ కాదు.

బ్లాకులు తీసేసేది ఒక్క రకం కష్టాన్నే, అక్షర దోషాల కష్టాన్ని. ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. స్క్రాచ్‌లో అవును-కాదు జవాబిచ్చే బ్లాకులు ఆరు మూలలుగా ఉంటాయి, అంకెలు ఇచ్చేవి గుండ్రంగా ఉంటాయి. ‘అయితే’ అనే బ్లాక్‌లో గుండ్రటిది దూరదు. సీలో టైపుల గురించి పేజీలకి పేజీలు చదివి మేం మర్చిపోయిన రూల్‌ని ఇక్కడ వేలికే నేర్పేస్తున్నారు. దీన్ని మోసం అనలేం.

అలాగని బ్లాకులతోనే ఆగిపోతే ఇబ్బందే. ఇంకొకరు రాసిన వందల లైన్లు చదవడం, ఎర్రర్ మెసేజ్ అర్థం చేసుకోవడం, ఫైళ్లు, డేటా, ఇవి బ్లాకుల్లో పెద్దగా తగలవు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో టెక్స్ట్ కోడ్‌కి వెళ్లాలి. వెళ్లినప్పుడు మొదటి నెల చిరాగ్గా ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే, ‘నాకు కోడింగ్ వచ్చు’ అనుకున్న పిల్ల, మొదటి సింటాక్స్ ఎర్రర్ దగ్గర ‘ఇది నాకు రాదులే’ అని తేల్చేసుకుంటుంది. సర్టిఫికెట్ చేసే అసలు నష్టం అది. బీటెక్‌లో మా బెంచీల్లో అలా తేల్చేసుకున్నవాళ్లు ఎంతమందో.

అరుగు మీద కూర్చున్న తాతకి కూడా తెలుసు

సాయంత్రం అన్నయ్యతో అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక మాట అన్నాడు. స్కూల్ యానివర్సరీకి పిల్లలకి రెండు వారాల్లో ఒక పాట నేర్పి, జడ వేసి, గజ్జెలు కట్టి స్టేజీ ఎక్కిస్తారు. చప్పట్లు కొడతారు. తప్పేం లేదు, పిల్లలకి సరదా. కానీ ఈ ఊళ్లో ఎవరూ ఆ పిల్లకి కూచిపూడి వచ్చేసింది అనుకోరు. అడవులు ఎన్ని చేసింది, మూడు కాలాల్లో చెయ్యగలదా, అరమండి ఎంతసేపు నిలుస్తుంది, దారిన పోయే తాత కూడా ఒక్క చూపులో చెప్పేస్తాడు. పళ్లెం మీద నిలబడి తరంగం చెయ్యడానికి ముందు ఎన్నేళ్లు పడుతుందో ఊరందరికీ తెలుసు.

కోడింగ్ దగ్గర అలా చూసి చెప్పే తాత ఇంట్లో లేడు, పక్కింట్లో లేడు. సిలికానాంధ్ర వాళ్లు ఈ ఊరిని దత్తత తీసుకున్నారు, వాళ్ల సంజీవని ఆస్పత్రి కూడా ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ అంటే ఏం సంపాదించి పెడుతుందో ఊరు కళ్లారా చూస్తోంది. లోపల ఏం పని జరుగుతుందో చూసే వీలు మాత్రం లేదు. ఆ ఖాళీలోకే సర్టిఫికెట్లు, ప్రకటనలు వస్తాయి. వైట్‌హ్యాట్ జూనియర్ గుర్తుందా? 2018లో మొదలైంది, 2020లో బైజూస్ దాన్ని సుమారు 30 కోట్ల డాలర్లకి కొంది. అదే ఏడాది ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెబితే ఐదు ప్రకటనలు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కోట్ల జీతం తెచ్చుకున్నాడని ప్రకటనల్లో చూపించిన వుల్ఫ్ గుప్తా అనే కుర్రాడు అసలు లేనే లేడు. లేని పిల్లాణ్ని చూపించి డ్యాన్సు క్లాసు అమ్మితే కూచిపూడిలో ఒక్కరోజు కూడా నడవదు.

2020 జాతీయ విద్యా విధానం కూడా పై తరగతులకి వచ్చే పిల్లలకి కోడింగ్ నేర్పాలంది. నేర్పితే మంచిదే. స్కూల్లో ఏది నేర్పుతారన్నదే నా భయం, జతి కట్టడమా, బొమ్మ చేత స్టెప్పులేయించడమా.

మరి ఫీజు కట్టాలా?

అన్నయ్యకి చెప్పింది ఇదీ. ఇప్పుడే కట్టకు. డెమో క్లాసులో పాపకి ఖాళీ తెర ఇచ్చి ‘నీకేం కావాలి?’ అని అడిగారా చూడు. అందరు పిల్లలూ చివరికి ఒకే ఆట చేసి చూపిస్తే, అది కోడింగ్ కాదు, కలరింగ్ బుక్. పాప చేసింది పాడైపోతే టీచరు మౌస్ లాక్కుని సరిచేస్తున్నారా, వదిలేసి చూస్తున్నారా అన్నది ఇంకా ముఖ్యం. క్లాసు మానేశాక పాప ప్రాజెక్టులు తన చేతికి వస్తాయో లేదో కూడా అడుగు.

డివైజుల సంగతి. స్క్రాచ్‌కి కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు, క్రోమ్ సాఫీగా నడిచే పాతది చాలు. ట్యాబ్ అయినా పర్లేదు, ఫోన్ మాత్రం వద్దు, బ్లాకులు వేలికి దొరకవు. ఫోన్ ఒక్కటే ఉంటే ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పాకెట్ కోడ్ చూడండి, అది ఫోన్ కోసమే చేసింది. కొంచెం పెద్ద పిల్లలకి ఎమ్ఐటీ యాప్ ఇన్వెంటర్ నా ఫేవరెట్. బ్లాకులతో చేసిన యాప్ మీ ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ అవుతుంది, సెన్సర్లు కూడా వాడుకోవచ్చు. టెక్స్ట్ కోడ్‌కి పైడ్రాయిడ్ 3 యాప్ ఆండ్రాయిడ్‌లో ఆఫ్‌లైన్‌గా పైథాన్ నడుపుతుంది. ప్రకటనలు కాస్త విసిగిస్తాయి, ఓర్చుకోండి. 2022 డిసెంబరులో ఏపీ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో సాంసంగ్ ట్యాబ్‌లు ఇచ్చింది. అలాంటి ట్యాబ్‌లు పాఠాలు చూడ్డానికి చాలా బాగుంటాయి. చూడ్డం ఒకటి, చెయ్యడం ఒకటి కదా.

తిరిగొచ్చేముందు పాపకి ఒక లెక్క ఇచ్చి వచ్చా. ఆదితాళం ఒక ఆవర్తనానికి 32 మాత్రలు. తీర్మానంలో ఒకే ముక్కని మూడుసార్లు చెప్పాలి, మధ్యలో రెండు ఖాళీలు, రెండూ సమానంగా. ముక్క ఎంత, ఖాళీ ఎంత ఉంటే సరిగ్గా 32కి ముగుస్తుంది? అన్ని జవాబులూ పైథాన్‌తో వెతకమన్నా. లూప్‌లో లూప్ పెట్టాలని మాత్రం చెప్పా.

నాలుగు రోజులకి అన్నయ్య ఫోన్ నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆరు జవాబులు. ముక్క 10 అయితే ఖాళీ 1, ముక్క 8 అయితే ఖాళీ 4, 6కి 7, 4కి 10, 2కి 13. అన్నిటికంటే పైన మొదటి లైన్లో ముక్క 0, ఖాళీ 16 అని ఉంది. కింద వాయిస్ మెసేజ్: “బాబాయ్, మొదటిదాంట్లో అసలు జతే లేదు, ఊరికే నిలబడాలి అంటోంది. 13 ఖాళీ ఉన్నది కూడా ఏం బాగోదు గానీ అది తప్పు కాదు. ఈ సున్నా ఎక్కణ్నుంచి వచ్చింది?”

పైథాన్‌లో రేంజ్ దేంతో మొదలవుతుందో చూడు, అని మాత్రం రిప్లై ఇచ్చా.